ఉత్తర ద్వారం

రోజూ పొద్దున్నే ఒక ముసలి తెల్లాయన వచ్చి చర్చి గోడకి చెవి ఆనించి వింటున్నాడనీ, చిన్న సుత్తితో కొడుతున్నాడనీ, అది చేతబడి కాకపోతే తన పేరు మార్చుకుంటాననీ చర్చి ఎదురింటి సీతారావమ్మగారు అన్నారట.

కాత్యాయని ఆ మాటని కాఫీతో పాటు మొగుడికి అందించింది.

"తెల్లవాళ్ళకి చేతబడులేంటే?" అన్నాడు శ్రీపతి.

"నాకేం తెలుసు? ఆంటీ అన్నారు. సంఘం సెక్రటరీ మీరేగా, వెళ్ళి చూడండి."

చర్చి ఇప్పుడు చర్చి కాదు. వచ్చే జనం లేక మూతపడితే, మాసన్ లేక్స్ ఊళ్ళోని తెలుగు సంఘం కొనుక్కుంది. బేరమంతా లాయర్ల మధ్యే నడిచింది. అవతలివాళ్ళ మొహం వీళ్ళు చూడలేదు, వీళ్ళ మొహం వాళ్ళూ చూడలేదు.

పదకొండేళ్ళుగా పిల్లల తెలుగు బడి అడిగి తెచ్చుకున్న గదుల్లో, లైబ్రరీ మూలల్లో, ఒక చలికాలమంతా శ్రీపతి కారు షెడ్డులో నడిచింది. ఇన్నాళ్ళకి సొంత కప్పు. ఉగాదికి ప్రారంభం.

చిక్కు ఒక్కటే. వాకిలి దక్షిణాన ఉంది.

రాజమండ్రి సిద్ధాంతిగారు వీడియో కాల్‌లో నాలుగు గోడలూ తిప్పి చూపించమని, ఉత్తరపు గోడ దగ్గర "ఆగండాగండి" అన్నారు.

"అదిగో నాయనా, అక్కడ తలుపుండేది. ఎవరో తెలివితక్కువ వాళ్ళు మూసేశారు. తెరిపించండి, అన్నీ అవే సర్దుకుంటాయి."

నిజమే. ఆ గోడలో రాతి కమాను ఉంది. కింద గడపరాయి ఉంది. కమాను నిండా రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఎవరు చూసినా మూసిన తలుపే అంటారు. ఫొటో చూసి కౌన్సిల్ వాళ్ళూ అలాగే అనుకుని అనుమతిచ్చారు.

శ్రీపతి వెళ్ళేసరికి ముసలాయన సరిగ్గా ఆ కమాను దగ్గరే ఉన్నాడు.

"మీకేం కావాలండీ?"

"ఇక్కడ తలుపు తెరుస్తున్నారని విన్నాను. ఇక్కడ తలుపు లేదు. ఎప్పుడూ లేదు."

"కళ్ళెదురుగా కనిపిస్తుంటే!"

ముసలాయన నవ్వాడు.

"దీన్ని కట్టినవాళ్ళందరూ ఇంగ్లండులో ఒకే ఊరినుంచి ఓడెక్కారు. ఆ ఊళ్ళో ఎనిమిదివందల ఏళ్ళనాటి చర్చి ఉంది. దానికి ఉత్తరాన ఉన్న తలుపుని ఎప్పుడో తాతలనాడే మూసేశారు. వీళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూసింది ఆ మూసిన తలుపునే. ఇక్కడికొచ్చాక, ఎక్కడా తేడా రాకూడదని, దాన్ని కూడా గోడ మీద చెక్కించుకున్నారు. ఇది తలుపు కాదు. తలుపు బొమ్మ."

"అంత వెర్రితనం ఉంటుందా?"

"ఎందుకుండదు? అక్కడ ఎండ దక్షిణం నుంచి పడుతుంది. అందుకని వాకిలి దక్షిణాన ఉంటుంది. ఇక్కడ, భూమధ్యరేఖకి దిగువన, ఎండ ఉత్తరం నుంచి. అయినా వాకిలి దక్షిణానే పెట్టుకుని నూట అరవై ఏళ్ళు చలికి వణికాం. ఊరొదిలి వచ్చేవాళ్ళు దిక్కులు కూడా మూటగట్టుకుని వస్తారు."

ఆ మాట సిద్ధాంతిగారిక్కూడా తగిలినట్టనిపించి శ్రీపతి మొహం ముడుచుకున్నాడు.

ముసలాయన సుత్తితో కమాను మధ్యలో ఒకసారి, పక్క గోడ మీద ఒకసారి తట్టాడు.

"చెవి పెట్టి వినండి. తలుపు మూసిన చోటైతే మోత వేరేగా ఉంటుంది. ఇదంతా ఒకటే గోడ. పైకప్పు దూలం బరువంతా దీని మీదే. భవనం మీది, మీ ఇష్టం. తలుపు కావాలంటే అటు చివర చోటుంది, నేను చూపిస్తాను. ఇక్కడ మాత్రం వద్దు."

శ్రీపతి పక్కకెళ్ళి ప్రెసిడెంట్ బాలమురళికి ఫోన్ చేశాడు.

"చేతబడీ లేదు, గాడిదగుడ్డూ లేదు," అన్నాడు బాలమురళి. "మనం కొనడం వాడికి కడుపుమంట, అంతే. ఇవాళ తలుపు వద్దంటాడు, రేపు దీపం వద్దంటాడు. ఫెన్స్ వేయించి, లోపలికి రాకూడదని బోర్డు పెట్టించు."

"ఏదో తెలిసినవాడిలా ఉన్నాడు అన్నయ్యా."

"పేరేంటట?"

శ్రీపతి అడగలేదు.

బోర్డు పెట్టారు. మర్నాడు ముసలాయన వచ్చి, ఫెన్స్ బయట నిలబడి, దాన్ని రెండుసార్లు చదివి వెళ్ళిపోయాడట. అది కూడా సీతారావమ్మగారే చెప్పారు.

నెల తిరిగాక పని మొదలైంది.

మూడో రాయి ఊడగానే గోడలోంచి సున్నం, గులకరాళ్ళు జలజలా రాలాయి. వెనక తలుపు ఖాళీ లేదు. గోడే ఉంది. కమాను నెత్తి మీంచి కప్పుదాకా చెయ్యి దూరేంత బీట పాకింది. పైన దూలం కిర్రుమని కిందికి వంగింది.

పనివాళ్ళు బయటికి పరిగెత్తారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు.

ఇంజనీరొచ్చి తలుపులకి సీలు వేశాడు.

"పడగొట్టడమేనా?" అన్నాడు శ్రీపతి.

"ఈ గోడ లోపల ఏముందో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. పాస్కో అని రాతిమేస్త్రి. నలభై ఏళ్ళు ఈ చర్చిని కనిపెట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కనుండి చెబితే నిలబెట్టొచ్చు. లేకపోతే పడగొట్టడమే."

అడ్రసు తీసుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని, శ్రీపతీ బాలమురళీ వెళ్ళారు.

యాభై ఏళ్ళావిడ తలుపు తీసింది. ఆమె వెనక గోడకి ఫొటో ఉంది. అందులో సుత్తి పట్టుకుని నవ్వుతున్న ముసలాయన.

శ్రీపతి చేతిలో డబ్బా బరువెక్కింది.

"నాన్న పోయి మూడు వారాలైంది," అందావిడ.

బాలమురళి ఆ ఫొటోకి దణ్ణం పెట్టాడు.

"తప్పయిపోయిందండీ," అన్నాడు ఆవిడతో. "ఆ చర్చి మా చేతికి రావడం ఆయనకి ఇష్టం లేదనుకున్నాం."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇష్టం లేకపోవడమేంటి? అపార్ట్‌మెంట్లు కడతామన్న వాళ్ళందర్నీ కాదని, పిల్లల బడికే ఇస్తానని పట్టుబట్టి మీ పేర సంతకం పెట్టిన చర్చి ఆఖరి ట్రస్టీ మా నాన్నే."