నేరేడమ్మకు తీగ కట్టు

ఒక పెరట్లో రెండు పెద్ద కొమ్మలుగా చీలి పెరిగిన నేరేడు చెట్టు ఉండేది. ఆ చీలిక దగ్గర పగులు కనిపించేసరికి, ఆ చెట్టునే అల్లుకుని బతుకుతున్న తిప్పతీగకి గుండె జారిపోయింది.

"భయపడకు నేరేడమ్మా, నేనున్నాగా!" అంటూ పగులు చుట్టూ మెలికలు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి బిగించేసింది. ఎంత ప్రేమో దానికి! కానీ కట్టు కింద బెరడు నలిగిపోయింది, ఆకులు వాడిపోయాయి.

"ఇంత గట్టిగా పట్టుకున్నా ఎందుకిలా అయిపోతోంది?" అని తీగ ఏడ్చింది.

పక్క ఈతచెట్టుకి గూడు అల్లుతున్న గిజిగాడు ఆ ఏడుపు విన్నాడు.

"పిచ్చితల్లీ, నా గూడు చూడు. ఊగుతుంది కాబట్టే గాలికి తెగట్లేదు. నువ్వు ఆ పగులుని వదిలి పైకెళ్లి, రెండు కొమ్మలకీ మధ్య కాస్త వదులుగా కట్టు."

"వదులైతే కొమ్మ పడిపోదూ?"

"పడబోతే అప్పుడు పట్టుకో. అందాకా ఊగనీ."

తీగ మనసొప్పకపోయినా అలాగే చేసింది. ఆ సాయంత్రమే గాలివాన వచ్చింది. కొమ్మలు విడిపోబోయినప్పుడల్లా తీగ బిగుసుకుని ఆపింది, దగ్గరికొస్తే సడలింది.

గాలి తగ్గాక నేరేడమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. "ఏమే, ఇంకా పట్టుకునే ఉన్నావా? తెలియడమే లేదు!"

"ఉన్నానమ్మా, నువ్వు ఊగు" అంది తీగ.