హెడ్‌లైట్‌లో చెమ్మ

షెడ్డులో మెకానిక్ ఒక్కడే మిగిలాడు. తెల్లారితే కారు ఇవ్వాలి. హెడ్‌లైట్‌లో చేరిన చెమ్మ మాత్రం వదిలేలా లేదు. భార్యకు చెప్పకుండా ఎత్తుకొచ్చిన హెయిర్ డ్రయ్యర్‌తో లోపలంతా రెండోసారి ఆరబెట్టి, అంచుల చుట్టూ గమ్ము పెట్టి మూసేశాడు.

అద్దం లోపలివైపు మసకబారింది. తేటపడింది. మళ్ళీ మసకబారింది. అచ్చం ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

చటుక్కున వెనక్కి జరిగాడు. కానీ రెండోసారి చేసిన పని కూడా పాడవుతుంటే, భయం కంటే ఒళ్ళుమంటే ఎక్కువైంది.

“లోపల ఎవరున్నా సరే, గమ్ము ఆరేదాకా ఊపిరి బిగబట్టండి బాబూ! మా ఆవిడ లేచేలోగా ఈ డ్రయ్యర్ ఇంట్లో పెట్టాలి!”

మసక ఆగిపోయింది. అద్దం తళతళలాడింది.

హమ్మయ్య అనుకుంటూ స్టూలు మీద కూలబడ్డాడు.

కాసేపటికి, ఇంకా ఎంతసేపన్నట్టు, లోపలినుంచి ఎవరో అద్దాన్ని మర్యాదగా తట్టారు.