నెమ్మది, ముందు కెమెరా

మలుపు దగ్గర ఆ ముసలాయన మళ్లీ నిలబడ్డాడు.

చేతిలో అట్టముక్క. దాని మీద ఎర్ర రంగుతో వంకరటింకర అక్షరాలు: 'నెమ్మది. ముందు కెమెరా ఉంది.'

అది చూసిన ప్రతి బండీ నెమ్మదిస్తోంది. కొందరైతే ఆయనకో దండం కూడా పెట్టి పోతున్నారు.

మున్సిపాలిటీలో జరిమానాల విభాగం చూసే అధికారిణికి ఒళ్లు మండిపోయింది. కారు దిగి నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"ఏం పెద్దాయనా, మా కడుపు కొట్టడమే పనిగా పెట్టుకున్నారా?"

"అదేంటమ్మా, అంత మాటన్నావు! ఇక్కడ ఉండాల్సిన బోర్డు మీవాళ్లు పీకేశారు. అందుకే నేను నిలబడ్డాను."

"పీకించింది నేనే. బోర్డు ఉంటే అందరూ నెమ్మదిగా పోతారు."

"అందుకే కదమ్మా అది పెట్టింది?"

మాట తోచనప్పుడు అధికారులు చేసే పనే ఆమె చేసింది. గొంతు పెంచింది.

"జరిమానాలు రాకపోతే ఊళ్లో వీధిదీపాలు మీరొచ్చి వెలిగిస్తారా?"

"మనిషి బతికుంటే కదమ్మా దీపంతో పని."

ఈ వేదాంతం వినే ఓపిక ఆమెకు లేదు. రాబడి పడిపోయిందని ఛైర్మన్ నిన్ననే అందరి ముందూ గడ్డి పెట్టాడు. ఈ నెల కూడా ఇలాగే ఉంటే ఆమె కుర్చీకే ఎసరు.

ఫోను చేసింది. పోలీసులు వచ్చారు. ప్రభుత్వ పనికి అడ్డుపడుతున్నాడని రాసుకున్నారు. అట్టముక్క లాక్కుని, మళ్లీ కనిపిస్తే లోపలేస్తామని బెదిరించి పంపారు.

ఆ నెల జరిమానాలు కుండపోతగా కురిశాయి. ఛైర్మన్ ఆమెను తెగ మెచ్చుకున్నాడు. ఆఫీసులో మిఠాయిలు పంచారు. మలుపులో బండ్లు గాలితో పందెం వేసుకుంటున్నాయని మాత్రం ఎవరికీ దిగులు కలగలేదు.

ఒక ఉదయం ఆమె ఎప్పటిలాగే కెమెరా తీసిన ఫొటోలు చూస్తోంది. ఒక ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది.

కారు నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. కారు ముందు ముసలాయన. చేతిలో అట్టముక్క లేదు. ఖాళీ చేతులే పైకెత్తి ఆపుతున్నాడు.

ఫొటో కింద యంత్రం తన పని తాను చేసుకుపోయింది. అతివేగం అని రాసి, కట్టాల్సిన జరిమానా కూడా వేసేసింది.

"అయ్యో, ఈయనకేమైంది?"

టీ తెచ్చిన అటెండరు తెర వంక చూసి తల దించుకున్నాడు.

"నిన్న సాయంత్రం పోయాడు మేడమ్. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే."

ఆమెకు దుఃఖం వచ్చింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది. తప్పు తనది కాకుండా ఉంటే చాలనిపించింది.

"పోలీసులు వద్దన్నా మళ్లీ ఎందుకొచ్చాడయ్యా? ఆ కెమెరా మీద ఈయనకెందుకంత కక్ష?"

"కక్షా?" అటెండరు టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "అప్పటికి మీరు ఈ ఆఫీసుకు రాలేదు మేడమ్. ఆ మలుపులో తన కూతురు పోయాక, కెమెరా పెట్టడానికి నిధుల్లేవని మనం చేతులెత్తేస్తే, ఆ పిల్ల చావుకిచ్చిన పరిహారమంతా తెచ్చి ఇక్కడ పోసి, దాన్ని పెట్టించింది ఆయనే."