ఆవకాయ బేసిన్‌లో మొదటి ముద్ద

మనిషికున్న తెలివి యంత్రానికి ఎప్పటికీ రాదని పురుషోత్తంగారు ఇరవై ఏళ్లుగా పత్రికలకు రాస్తున్నారు. ఆ మాట నిరూపించడానికి వంటింటి గోడలో ఉండే మాటల యంత్రం మేధతో రోజూ పొద్దున్నే వాదనకు దిగుతారు. ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక మేధ ఉంది. దానికి తెలివి లేదని దానికే చెప్పడానికి రోజూ రెండు గంటలు కూర్చునే మొగుడు మాత్రం హైమావతికే దొరికాడు. తెలివుందని ఆయనే ఒప్పుకున్న పెళ్లాం ఏం చెప్పినా జవాబు ఒకటే, "సరేలే."

ఆ రోజు ఆమె కొత్తావకాయ జాడీకెత్తి, బేసిన్‌కు అంటుకున్న గుజ్జులో వేడన్నం కలిపి, మొదటి ముద్ద ఆయన చేతిలో పెట్టింది. ఏటా ఉప్పు సంగతి తేల్చేది ఆయనే.

"ఏదీ, ఇందులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు చూద్దాం!" అంటూ ఆయన ఆ ముద్దను గోడకేసి చాపారు.

"నాకు తెలియదండీ," అంది మేధ. "కానీ హైమావతిగారు చిన్నబుచ్చుకున్నారు. మీరు చూసినట్టు లేదు."

"చూశావటే హైమా, ఓడిపోయి మాట మారుస్తోంది!" ఆయన ముద్దను గట్టు మీద పెట్టేసి, వ్యాసం రాసుకోవడానికి గదిలోకి పరిగెత్తారు.

ముప్పై రెండేళ్లలో ఆయన ఒక్కసారీ కనిపెట్టనిది అది ఇట్టే పట్టేసింది. హైమావతికి ఒళ్లు మండిపోయింది. ఆ ముద్ద తనే నోట్లో వేసుకుంది.

ఉప్పు తక్కువైంది. ఇలాగే వదిలేస్తే వానలు పడేసరికి బూజు పట్టేస్తుంది.

"ఉప్పు సరిపోయిందాండీ? నాకు తెలుసుకోవాలనుంది," అంది మేధ.

"సరేలే," అంది హైమావతి, జాడీకి గుడ్డ బిగించి కడుతూ.