కట్టని కొబ్బరికాయ

గోదావరి మంచిర్యాల ఇళ్లలోకి ఎక్కిన ఏడు అది. వరద తీసింది గానీ కామెర్లు తగ్గలేదు. పసరు పోసే రాయమల్లు వాకిట్లో, బొగ్గుబావిలో పనిచేసే ఓదెలు గోడకు ఒరిగి జోగుతున్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"నీ పసరు తాగినంక మత్తు ఎక్కువైంది మామా. మాటలు గూడ తడబడుతున్నయి. దవాఖానకు తోల్కపోత," అంది అతని భార్య స్వరూప.

"ఆడ సూదులు ఏస్తే నా మందు ఇరుగుతది. ఇంకోపూట జర ఓపిక పట్టు బిడ్డా. గటు సూడు."

చూరు నిండా కొబ్బరికాయలు వేలాడుతున్నాయి. నయమైన వాళ్లు వచ్చి ఒక కాయ కట్టిపోవడం అక్కడి ఆనవాయితీ. రాయమల్లుకు అంతకు మించిన రుజువు అక్కరలేదు.

"మా వాడ భూమక్క గూడ నీ పసరే తాగింది. ఆమె కాయ ఏది?"

రాయమల్లు చూరంతా చూశాడు. "తేలే. పానం బాగైనంక నన్నెవలు యాది పెట్టుకుంటరు?"

"ఎట్ల తెస్తది మామా? తాగిన వారానికే సచ్చిపాయె."

పసరు గిన్నె అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది. కాయ కట్టని వాళ్లను ఇన్నేళ్లూ విశ్వాసం లేనివాళ్లని తిట్టుకున్నాడే తప్ప, ఒక్కరి గడపకైనా పోయి అడగలేదు.

"ఆటో పిలువు," అన్నాడు. "నేను గూడ వస్త. ఏం పోసిన్నో డాక్టరుకు నేనే చెప్త."

మరునాడు తెల్లవారగానే, దవాఖాన మంచం మీద ఓదెలుకు సెలైన్ ఎక్కుతుంటే, రాయమల్లు కాయ కట్టని వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ బయలుదేరాడు. మొదట భూమక్క ఇల్లు.