ముఖం నిండుగా

"ఈ కార్డులో మా పాప జాహ్నవి ఉండాదబ్బా. ఇంట్లో డీవీడీలో ఆడేలాగా చేసియ్యి" అన్నాడు కుప్పయ్య.

గోరంత మెమరీ కార్డు. దాన్ని చేతిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కార్వేటినగరం నుంచి రెండు బస్సులు మారి తిరుపతికి తెచ్చాడు. బస్టాండు దగ్గర రెండు షాపులవాళ్ళు చేతులెత్తేశాక, ఎవరో చెబితే అష్ఫాక్ స్టూడియో మెట్లెక్కాడు.

2007లో ఇదొక పెద్ద తలనొప్పి. ఫోన్లో తీసిన వీడియో ఫోన్లోనే ఆడుతుంది. ఇంట్లో డీవీడీ ప్లేయరుకు పెడితే అది ససేమిరా అంటుంది. కంప్యూటరులో ఆ ఫైలు రకం మార్చి సీడీకి ఎక్కించాలి. అందులోనూ శబ్దం వస్తే బొమ్మ రాదు, బొమ్మ వస్తే శబ్దం రాదు. ఈ పనిలో అష్ఫాక్‌ను మించిన మొండివాడు ఆ వీధిలో లేడు.

"తీసిన ఫోను యాడుండాది పెద్దాయనా?"

"నీళ్ళలో పడి పాడైపోయిందబ్బా. పాప ఆస్పత్రిలో ఉన్నప్పుడు, కిటికీలో ఫోను ఆనించి తనే తీసుకొనింది. నేను ఆ పూట మందులకు పోయినాను. తెల్లారి పాప పోయింది, పదిహేడేళ్ళకే. ఆ గలాటాలోనే ఫోనూ పాడయ్యింది. దీన్ని మేమెవురమూ సూడలేదు."

అష్ఫాక్ రెండు చేతులతో కార్డు అందుకున్నాడు.

"వాళ్ళమ్మ చెంగమ్మ కాలిరిగి మంచంలో ఉండాది. ఆస్పత్రికి కూడా రాలేకపోయింది. ఇప్పుడు అన్నం ముట్టడంల్యా. బిడ్డ ఆఖర్న ఏం చెప్పిందో దానికి తెలియల్ల. అంతేనబ్బా."

"ఈ రకం ఫైళ్ళలో శబ్దం వచ్చేది కష్టం పెద్దాయనా."

"శబ్దం రాకపోతే పోనీ. బొమ్మ వస్తే సాలు."

ఎంత ఆశ చంపుకుంటే ఆ మాట వస్తుంది! అష్ఫాక్ మనసు కలుక్కుమంది. అతనికీ ఒక కూతురుంది. అంబ్రీన్‌కూ పదిహేడేళ్ళే.

బొమ్మ మొదటిరోజే వచ్చింది. జాహ్నవి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పచ్చకామెర్లతో కళ్ళు పసుపు తిరిగిపోయాయి. పెదవులు కాస్త కదులుతున్నాయి. నలతగా ఉన్న పిల్ల కదా, చేతులు కుదురుగా ఉండటం లేదు. సెలైను సూది ఉన్న చెయ్యి కూడా గాల్లోనే ఉంది. నాలుగు నిమిషాల వీడియో.

ఇక గొంతు కోసం మూడు రోజులు వెతికాడు. తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ వేశాడు, తెలియనివి అడిగి తెచ్చి వేశాడు. ఫ్యాను గరగర వచ్చింది. ఎక్కడో గిన్నె పడ్డ చప్పుడు వచ్చింది. పిల్ల గొంతు మాత్రం రాలేదు. మూడోరోజు సాయంత్రం చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు. ఆ తల్లికి కూతురి మాట దక్కదు. ఆ సంగతి తలచుకుంటే ఏడుపొచ్చింది.

కనీసం ముఖమైనా నిండుగా చూపిద్దామనుకున్నాడు.

అది వాళ్ళ నాన్న నాయబ్ రసూల్ నేర్పిన పని. స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోకు ఎవరు కూర్చున్నా చేతులు కిందికి దించమనేవాడు. ముఖం కొట్టొచ్చినట్టు కనబడాలి, తక్కినదంతా దండగ అనేవాడు.

అష్ఫాక్ గడ్డం దాకా ఉంచి కింద కోసేశాడు. ముఖాన్ని తెరంతా పెంచాడు. చెయ్యి ముఖానికి అడ్డమొచ్చిన చోట ఆ ముక్కలే తీసేశాడు. నాలుగు నిమిషాలు మూడయ్యాయి గానీ పిల్ల ముఖం తెరనిండా వచ్చింది. సీడీ చేసి, అలవాటు ప్రకారం కంప్యూటరులో ఉన్నదంతా తుడిచేశాడు. ఆడపిల్లల బొమ్మలు పని అయ్యాక ఒక్కటి కూడా ఉంచుకోడు. ఆ నమ్మకం మీదే ఆ షాపు నడుస్తోంది. కార్డునూ అలాగే తుడిచేశాడు గానీ, ఖాళీగా ఇవ్వడానికి మనసొప్పక, ఏ ఫోనులోనైనా పెట్టుకుని చెంగమ్మ వింటుందని వెంకన్న పాటలు నిండా ఎక్కించాడు.

మర్నాడు పొద్దున్నే కుప్పయ్య వచ్చాడు.

"చెంగమ్మ లేసి తల దువ్వుకొనింది. టీవీకి ఎదురుగా మంచం జరిపిచ్చుకొని కూసోనుండాది" అన్నాడు.

అష్ఫాక్ షాపులోని టీవీలో సీడీ పెట్టాడు. తెరనిండా జాహ్నవి.

"గొంతు రాలేదు పెద్దాయనా, క్షమించండి. ముఖం మాత్రం నిండుగా పెట్టినాను. చేతులు అడ్డం వస్తావుంటే కోసేసినాను. కార్డులో పాటలు కూడా ఎక్కించినాను."

కుప్పయ్య కళ్ళార్పకుండా మూడు నిమిషాలూ చూశాడు. తర్వాత లేచి టీవీ దగ్గరికెళ్ళి, తెర కింది అంచును అరచేత్తో తడిమాడు.

"మా బిడ్డకు పుట్టినప్పట్నుంచీ మాట లేదబ్బా, మాకు ఏం చెప్పినా ఆ చేతుల్తోనే చెప్పేది."