బూడిదరంగు గడి

"ఇంకా సేపు పడతాదా నాయనా?" అడిగింది రెబెకమ్మ. ఆ గొంతులో తొందర లేదు, విసుగు లేదు.

"పాత కంప్యూటరమ్మా. ఫోటో ఉంటే పేజీ కదలదు."

ఆత్మకూరు బస్టాండు ఎదుట డీటీపీ సెంటర్లో నాగేంద్ర, చనిపోయిన ఆమె కొడుకు డేవిడ్‌రాజు కోసం చర్చిలో జరిపే ఆదరణ కూడికకు కార్డు కంపోజు చేస్తున్నాడు. తప్పులు దిద్దడానికి పేజీ జరిపిన ప్రతిసారీ ఫోటో నుదుటి నుంచి గీత గీతగా కిందికి దిగుతోంది.

నాగేంద్ర రోజూ చేసే పనే చేశాడు. తెర మీద ఫోటో కనపడకుండా ఆపేశాడు. డేవిడ్‌రాజు ముఖం ఉన్నచోట బూడిదరంగు గడి మిగిలింది. పేజీ చకచకా కదిలింది.

"చూడమ్మా, ఎంత స్పీడొచ్చిందో!"

"మావాడేడి?"

"లోపలే ఉండాడమ్మా. ఇక్కడ కనపడడు, అంతే. ప్రింటులో వస్తాడు."

రెబెకమ్మ ఆ గడినే చూస్తూ కూర్చుంది.

"లారీ గుద్దినప్పుడు వాణ్ణి తెచ్చినోళ్లు కూడా ఈ మాటే చెప్పినారు. పెట్టెకు మేకులు కొట్టేసి తెచ్చినారు. తెరవొద్దమ్మా, లోపలే ఉండాడు అన్నారు. సరేనని మట్టేసి వచ్చినాను."

నాగేంద్ర ఫోటోను మళ్లీ తెర మీదికి తెచ్చాడు. నుదురు వచ్చింది. కనుబొమలు వచ్చాయి.

"లేటవుతాదమ్మా. నీ ఉదయగిరి బస్సు పోతాదేమో."

"పోనీలే." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఫోటో గడ్డం దాకా దిగింది. దిద్దాల్సినవన్నీ అయిపోయాయి. అయినా నాగేంద్ర పేజీని పైకి జరిపి, మళ్లీ నుదుటి నుంచి రానిచ్చాడు.